కింది పళ్ళు ముందుకొస్తే ఆపరేషనేనా?

మంగళగిరి: నోరు మూస్తే పై పళ్ళు కింది పళ్ళకు ముందుండాలి. కొందరికి ఇది తారుమారవుతుంది. కొరకడం కష్టమవుతుంది, పళ్ళు అరుగుతాయి. పెళ్ళిచూపుల వేళ ఆడపిల్లలకు మాట పడాల్సి వస్తుంది. దవడ కోస్తారేమోనన్న భయంతో చాలామంది వైద్యుని గడపే తొక్కరు.

అందరికీ కోత అక్కరలేదు. దవడలు సరిగానే ఉండి పళ్ళు మాత్రమే వాలి ఉంటే, అలైనర్లు అనే పారదర్శకమైన ప్లాస్టిక్ తొడుగులతో సరిచేయవచ్చు. అమెరికాలో 1990ల చివర వాడుకలోకి వచ్చిన ఈ తొడుగులను రోజుకు 20 నుంచి 22 గంటలు పెట్టుకోవాలి. తినేటప్పుడు, తోముకునేటప్పుడు తీయాలి. వారం, రెండు వారాలకొకటి మార్చాలి. ఒక్కో తొడుగు పంటిని జరిపేది మిల్లీమీటరులో సుమారు పావు వంతే. ఓపిక లేకపోతే పెట్టిన డబ్బు వృథా.

దవడ ఎముకలోనే తేడా ఎక్కువగా ఉంటే తొడుగులు చాలవు. ఎదుగుదల ఆగాక శస్త్రచికిత్స అవసరం కావచ్చు. పిల్లలకైతే పదేళ్ళలోపే పై దవడను ముందుకు లాగే సాధనం అమర్చి చూస్తారు. అందుకే ఏడో ఏటే చూపించడం మేలు.

మంగళగిరి ఎయిమ్స్‌లో దంత వైద్య విభాగం, విజయవాడలో ప్రభుత్వ దంత వైద్య కళాశాల ఉన్నాయి. లోపం పళ్ళదా, ఎముకదా అన్నది ఎక్స్‌రేతో తేల్చుకున్నాకే సొమ్ము కట్టాలి.