గడ్డం మీద దెబ్బ, దవడలో కోత

అరుగు మీంచి పడి గడ్డం చిట్లిన పిల్లవాణ్ని ఊళ్లోని ఆర్‌ఎంపీ దగ్గరికి ఎత్తుకెళ్తాం. రెండు కుట్లు పడతాయి, గాయం మానుతుంది, అందరం మరిచిపోతాం. ఆ దెబ్బ చెవి ముందున్న దవడ కీలు దాకా పోయి ఎముకను విరగ్గొట్టిందేమోనని చూసేవాళ్లు తక్కువ. అలా వదిలేసిన కీలు కొందరిలో ఎముకతో పూడుకుపోతుంది. నోరు తెరుచుకోదు. కింది దవడ ఎదుగుదల కుంటుపడి గడ్డం లోపలికే ఉండిపోతుంది, నిద్రలో ఊపిరి అడ్డుపడుతుంది. పసివాడు గురక పెడుతున్నాడని ఇంట్లో ముచ్చటగా చెప్పుకుంటారు. అది ముచ్చట పడే సంగతి కాదు.

మన మార్కాపురంలోనైనా గిద్దలూరులోనైనా దవడ ఆపరేషన్ అనగానే పెళ్లి సంబంధాల మాటే ముందొస్తుంది. తిండి, మాట, ఊపిరి ఆ తర్వాతే. ముందుపళ్లు కలవక మెతుకు కొరకలేనివాళ్లకు ఇది సోకు కాదు. గ్రహణమొర్రి పిల్లల తల్లిదండ్రులకైతే ఇంకా గట్టిగా చెప్పాలి. పసితనంలో పెదవి, అంగిలి కుట్టించినా, పై దవడ సరిగా ఎదగకపోతే 17, 18 ఏళ్లకు దాన్ని కోసి ముందుకు జరపాల్సి రావచ్చు.

ఈ కోత ఈనాటిది కాదు. 1849లో అమెరికాలో సైమన్ హల్లిహెన్, కాలిన గాయం వల్ల వంకరపోయిన ఒక యువతి కింది దవడను కోసి సరిచేశాడు. పై దవడ ఏయే గీతల వెంట విరుగుతుందో 1901లో ఫ్రాన్స్‌లో రెనె లెఫోర్ట్ తేల్చాడు. పై దవడ కోతకు నేటికీ ఆయన పేరే. కింది దవడకు దారి చూపింది 1950లలో హ్యూగో ఓబ్వెగేసర్. ఎముకను అడ్డంగా నరకకుండా నిలువునా రెండు పొరలుగా విడదీశాడు. పలకరాయిని ఉలితో పొరలు పొరలుగా చీల్చే మార్కాపురం పనివాళ్లకు దీన్ని వేరే వివరించక్కర్లేదు. పొర మీద పొర ఆనుకునే జరుగుతుంది కాబట్టి ఎముక బాగా అతుక్కుంటుంది. టైటానియం పట్టీలు, మరలు దాన్ని కదలనివ్వవు. కోతలు నోటి లోపలే, ముఖం మీద మచ్చ ఉండదు.

కింది పెదవికి స్పర్శనిచ్చే నరం సరిగ్గా ఆ పొరల నడుమే ఉంటుంది. ఎంత జాగ్రత్తగా చేసినా పెదవి, గడ్డం కొన్నాళ్లు మొద్దుబారవచ్చు, కొందరికి ఆ తిమ్మిరి శాశ్వతంగా మిగలవచ్చు. సంతకం పెట్టకముందే డాక్టర్ని ఇది అడగాలి. కొన్ని వారాలు జావ, మెత్తటి అన్నంతో గడపాలనీ తెలుసుకోవాలి.

కీలు పూడిన పిల్లల సంగతి వేరు. అడ్డుపడిన ఎముక ముద్దను తొలగించి నోరు తెరిపిస్తారు. కురచైన దవడను కోసి, మర బిగించి, రోజుకు సుమారు 1 మిల్లీమీటరు చొప్పున సాగదీస్తారు. ఆ సందులో కొత్త ఎముక పుడుతుంది.

దవడను జరిపే ఆపరేషన్‌కు ముందు సాధారణంగా ఏడాది, ఏడాదిన్నర పళ్లకు క్లిప్పులు ఉండాలి. మన నీళ్లలోని ఫ్లోరైడ్ అడ్డొచ్చేది ఇక్కడే. దానివల్ల వచ్చే ఫ్లోరోసిస్‌ను మనదేశంలో మొదట 1937లో గుర్తించింది నాటి నెల్లూరు జిల్లాలో. కనిగిరి, పొదిలి, దర్శి అప్పుడు ఆ జిల్లావే. ఫ్లోరైడ్ బాగా పట్టిన పంటి మీద క్లిప్పు జిగురు గట్టిగా నిలవదు. ఊడిన ప్రతిసారీ మళ్లీ ప్రయాణం, ఒక రోజు కూలి నష్టం. గుంటూరు-నంద్యాల రైలు మార్కాపురం రోడ్డు, కంభం, గిద్దలూరు మీదుగానే నడుస్తుంది. ప్రభుత్వ దంత వైద్య కళాశాలలు విజయవాడలో, కడపలో ఉన్నాయి. అయినా అన్నిసార్లు వెళ్లిరావడం కూలి కుటుంబానికి చిన్న భారం కాదు. క్లిప్పులు చూసే డాక్టరు నెలకోసారైనా మార్కాపురం ప్రభుత్వాసుపత్రికే రావాలి.

ఒక పరీక్షకు మాత్రం డబ్బూ అక్కర్లేదు, డాక్టరూ అక్కర్లేదు. తమ చేతి మూడు వేళ్లు ఒకదాని మీద ఒకటి నిలువుగా పేర్చి ముందుపళ్ల మధ్య పెట్టుకోమని పిల్లలకు చెప్పండి. పట్టకపోతే దవడ కీలును ఎక్స్‌రే, స్కాన్‌తో చూపించాలి. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద అంగన్‌వాడీలకు, బడులకు వెళ్లే బృందాలు గ్రహణమొర్రిని ఎలాగూ చూస్తున్నాయి. గడ్డం మీద పాత మచ్చ ఉన్న ప్రతి పిల్లవాడికీ ఈ మూడు వేళ్ల పరీక్ష కూడా అక్కడే చేయించాలి.