ఖనిజం ఒకరిది, దుమ్ము ఒకరిది

నేటి ఛత్తీస్‌గఢ్‌లోని బస్తర్ ప్రాంతంలో, బైలడిల్లా కొండల్లో తవ్విన ఇనుప ఖనిజం 1968 నుంచి జపాన్ ఉక్కు కర్మాగారాలకు ఓడెక్కింది. అందుకోసమే వేసిన కొత్తవలస-కిరండూల్ రైలుమార్గంలో వ్యాగన్లు బస్తర్ పట్టణం జగదల్‌పూర్ స్టేషన్ దాటి, తూర్పు కనుమలు దిగి విశాఖ రేవుకు చేరేవి. ఈ దారిని చూస్తే, విదేశీ వ్యాపారం పట్టణాల గాలిని పాడుచేస్తుందా బాగుచేస్తుందా అన్న ప్రశ్న సరిపోదనిపిస్తుంది. తయారీలో ఏ దశ ఎవరి ఊళ్లో పడిందన్నది అడగాలి. ఉక్కు తయారీలో అసలు పొగ పుట్టేది బొగ్గును కోక్‌గా మార్చే కోక్ ఓవెన్లలో, ఖనిజపు పొడిని ముద్దకట్టించే సింటర్ ప్లాంటులో, ఇనుము కరిగించే బ్లాస్ట్ ఫర్నేసులో. అవి జపాన్‌లో ఉన్నంతకాలం జగదల్‌పూర్‌కు ఆ బెడద లేదు. రేవులో లేచే ఖనిజం దుమ్ము మాత్రం విశాఖ పాతనగరానికి మిగిలింది. దిగుమతి బొగ్గూ అదే రేవులో దిగుతుంది కనుక ఆ పాతనగరంలో, అంటే వన్‌టౌన్‌లో, డాబా మీద ఆరేసిన బట్టలు, కిటికీ చువ్వలు నల్లబడటం పాత ఫిర్యాదే. ఊరు కొండల నడుమ ఉండటంతో గాలి ఆడనప్పుడు ఆ ధూళి ఓ పట్టాన వదలదు.

ఆర్థికవేత్తల్లో ఆశావాదులూ ఉన్నారు. ఆంట్‌వైలర్, కోప్‌లండ్, టేలర్ 2001లో అనేక దేశాల నగరాల్లో సల్ఫర్ డయాక్సైడ్ కొలతలు పరిశీలించారు. వ్యాపారం వల్ల ఉత్పత్తి పెరిగి కాలుష్యం కొంత పెరిగినా, ఆదాయం పెరిగి శుభ్రమైన పద్ధతులు రావడంతో తగ్గేదే ఎక్కువని తేల్చారు. కొట్టిపారేయాల్సిన మాట కాదు. (రేవు ధూళి మాత్రం ఆ లెక్కలో లేదు.) జపాన్‌లోని ఉక్కునగరం కిటాక్యూషూ గాలి నిజంగానే బాగుపడింది. అయితే డబ్బు రాగానే దానంతటదే బాగుపడలేదు. 1960లలో తోబాటా ప్రాంతపు గృహిణులు మసిని కొలిచి, కంపెనీలనూ నగర పాలకులనూ నిలదీశారు. లాభం అందేవాళ్లూ పొగ పీల్చేవాళ్లూ ఒకే ఊరివాళ్లు కావడంతో ఆ ఒత్తిడి పనిచేసింది. బస్తర్‌లో తవ్వి, విశాఖలో ఎక్కించి, మరో దేశంలో కరిగించే వ్యాపారంలో ఆ వీలు లేదు.

పోనీ, ఎగుమతి మాని ఉక్కు ఇక్కడే చేసుకుంటే? బస్తర్ అడగదగ్గ కోరికే. జగదల్‌పూర్ దగ్గర నగర్నార్‌లో ఏటా 30 లక్షల టన్నుల ఉక్కు కర్మాగారాన్ని 2023 అక్టోబరు 3న జాతికి అంకితం చేశారు. దాంతో ఇన్నాళ్లూ సముద్రం అవతలున్న కోక్ ఓవెన్లూ పొరుగుకొచ్చాయి. మన ఉక్కుకు కావలసిన కోకింగ్ బొగ్గులో ఎక్కువ భాగం దిగుమతిదే, కాబట్టి రేవులకూ ఊరట లేదు. కొత్త కర్మాగారానికి ధూళిని పట్టే యంత్రాలు మొదట్నుంచీ ఉంటాయన్న వాదన నిజమే, కానీ అవి రాత్రింబవళ్లు నడిస్తేనే దానికి విలువ. 2019లో మొదలైన జాతీయ స్వచ్ఛ వాయు కార్యక్రమంలో ఛత్తీస్‌గఢ్ నుంచి రాయ్‌పూర్, భిలాయి, కోర్బా చేరాయి. అవి గాలి చెడ్డాక చేరిన ఊళ్లు. జగదల్‌పూర్ వాసులు అందాకా ఆగకుండా, కర్మాగారం చుట్టూ గాలి కొలతలను రోజూ హిందీలో, స్థానిక భాష హల్బీలో బహిరంగంగా పెట్టాలని ఇప్పుడే పట్టుబట్టాలి.