మీకు తెలుసా? బీపీ మాత్రకూ ఎండకూ పడకపోవచ్చు

హైటెక్ సిటీ దారుల్లో రోజూ కారు నడిపేవాళ్లకు కుడి చేయి మాత్రమే ఎర్రబడి దురద పెడుతుంటే, అనుమానించాల్సిన వాటిలో బీపీ మాత్ర ఒకటి. అందులో హైడ్రోక్లోరోథయజైడ్ ఉంటే కొందరి చర్మం ఎండను తట్టుకోలేదు. మెడ, ముంజేతులు, అరచేతుల వెనుక భాగం కందిపోతాయి. చొక్కా కప్పిన చోట, వాచీ పట్టీ కింద చర్మం మాత్రం మామూలుగానే ఉంటుంది. అద్దం దించకపోయినా లాభం లేదు. ఇందుకు ఎక్కువగా కారణమయ్యే యూవీ-ఎ కిరణాలు మామూలు కారు పక్క అద్దంలోంచి చాలావరకు లోపలికి వచ్చేస్తాయి.

ఈ మందు చాలాసార్లు టెల్మిసార్టన్‌తో కలిసి ఒకే మాత్రలో వస్తుంది. స్ట్రిప్ మీద పేరు చివర ‘హెచ్’ ఉందేమో చూడండి. బీపీకి వాడే మరో రకం మందులైన బీటా బ్లాకర్లు కొందరిలో సోరియాసిస్‌ను పెంచుతాయి.

ఎనాలప్రిల్, రామిప్రిల్ లాంటి బీపీ మందులు వాడేవాళ్లలో అరుదుగా పెదవులు, నాలుక వాస్తాయి. ఏళ్ల తరబడి పడిన మందైనా ఇలా చేయొచ్చు. ఊపిరి ఆడకుండా పోయే ప్రమాదం ఉంది కనుక అప్పుడు క్షణం ఆగకుండా 108కి ఫోన్ చేయాలి. దద్దుర్లే అయితే మాత్ర మీ అంతట మీరు మానొద్దు, బీపీ ఒక్కసారిగా పెరగొచ్చు. డాక్టరుకు చూపిస్తే వేరే మందు రాస్తారు. మందుల దుష్ప్రభావాలను నమోదు చేసే జాతీయ కార్యక్రమం 2010 నుంచి నడుస్తోంది. రోగులే నేరుగా 1800-180-3024కు ఉచితంగా ఫోన్ చేసి చెప్పవచ్చు.