వాక్యం దొరకకపోతే తప్పు వేలిదా, తెరదా?

గోవాడ అనగానే చోడవరం చుట్టుపక్కల ఎవరికైనా ముందు చక్కెర మిల్లే గుర్తొస్తుంది. క్రషింగ్ సాగిన రోజుల్లో రోడ్డంతా చెరకు ట్రాక్టర్లే కనిపించేవి. ఆదివారం పూట మాత్రం ఈ ప్రాంతపు ప్రార్థన మందిరాల్లో ఉండే హడావుడి వేరు. అయ్యగారు "యోహాను మూడు, పదహారు తియ్యండి" అనగానే జిప్పు కవర్ల బైబిళ్లు సర్రున తెరుచుకుంటాయి. వాటి పక్కనే ఫోన్లూ వెలుగుతాయి. పుస్తకం పట్టుకున్న మామ్మ వచనం తీసి కళ్లజోడు సర్దుకునేసరికి, ఫోను పట్టుకున్న మనవడు ఇంకా మెనూల్లోనే తిరుగుతుంటాడు. యాప్ మంచిదైతే మనవడే ముందుంటాడు, అదీ నిజమే. కానీ బైబిల్ అధ్యయనం కోసమని తయారైన తెలుగు సైట్లలో చాలాచోట్ల మామ్మదే గెలుపు. ఎందుకిలా అని అడిగితే చెప్పే కారణాల్లో సగానికి సగం అపోహలు.

అపోహ: పుస్తకంలో ఏ చిక్కూ లేదు, ఇదంతా ఫోన్లు తెచ్చిన తంటా

ఇప్పుడు మనం "మూడు, పదహారు" అని ఇట్టే అనేస్తున్నాం గానీ, ఆ అంకెలు రాసినవాళ్లు పెట్టినవి కావు. అధ్యాయాల విభజన 13వ శతాబ్దం తొలినాళ్లది. దాన్ని ఇంగ్లండు మతాచార్యుడు స్టీఫెన్ లాంగ్టన్ చేశాడని చెబుతారు. కొత్త నిబంధనలో నేటి వచన సంఖ్యలు 1551లో రాబర్ట్ ఎస్టియెన్ అనే ముద్రాపకుడు అచ్చువేసిన గ్రీకు ప్రతితో వచ్చాయి. అంటే దాదాపు 1,500 ఏళ్లు ఈ గ్రంథాన్ని వచనాల నంబర్లు లేకుండానే చదివారు. వెతుక్కోవడం కష్టమయ్యాక ఎవరో ఒకరు కూర్చుని దారి వేశారు. అధ్యాయం, వచనం అన్నవి భక్తి విషయాలు కావు, పాఠకుడి సౌకర్యం కోసం చేసిన అమరిక.

మన వైపు కథ చూసినా ఇంతే. గోవాడకు సుమారు 50 కిలోమీటర్ల దూరంలోని విశాఖపట్నానికి 1805లో లండన్ మిషనరీ సొసైటీ తరఫున జార్జ్ క్రాన్, అగస్టస్ డెగ్రాంజెస్ వచ్చారు. క్రాన్ 1809లో, డెగ్రాంజెస్ 1810లో చనిపోయారు. ఆనందరాయర్ అనే పండితుడి సాయంతో డెగ్రాంజెస్ చేసిన మూడు సువార్తల అనువాదం 1812లో శ్రీరాంపూర్‌లో అచ్చయింది. ఆ తర్వాత మరో మిషనరీ ఎడ్వర్డ్ ప్రిచెట్ చేసిన తెలుగు కొత్త నిబంధన 1818లో మద్రాసులో వచ్చింది. భాష, అచ్చు, అమరిక మూడింటినీ తరాల పాటు దిద్దుతూ వస్తేనే ఈరోజు మామ్మ చేతిలోని పుస్తకం అంత సులువుగా తెరుచుకుంటోంది. బైబిల్ గేట్‌వే సైటు 1993లో మొదలైంది, యూవెర్షన్ యాప్ 2008లో వచ్చింది. ఆ లెక్కన తెర ఇంకా పసిబిడ్డే.

ఇంకో సంగతి. చుట్టల రూపంలోని గ్రంథాల కంటే కుట్టిన పుటల పుస్తకాన్ని తొలి క్రైస్తవులు ఎక్కువగా ఇష్టపడ్డారు. దాంట్లో కావలసిన చోటు చటుక్కున తియ్యొచ్చు. ఇప్పుడు కొన్ని సైట్లు 176 వచనాలున్న 119వ కీర్తనను ఒకే పొడవాటి పేజీగా పెట్టి, వచనం నంబరుకు నేరుగా దూకే వీలు లేకుండా వేలితో కిందికి నెట్టుకుంటూ పొమ్మంటున్నాయి. ఎంత ముందుకొచ్చినా మళ్లీ చుట్టల కాలానికే చేరాం.

అపోహ: తెర మీద తెలుగు అక్షరాలు కనిపిస్తే అది తెలుగు సైటే

యూనికోడ్‌లో తెలుగుకు 1991లోనే చోటు దొరికింది. అయినా డీటీపీ సెంటర్లలో యూనికోడ్ కాని అను ఫాంట్ల రాజ్యం చాలా ఏళ్లు నడిచింది. సంఘ పత్రికలు, పాటల పుస్తకాలు, పాఠాలు ఎన్నో అలా టైపు చేసినవే. వాటిని అలాగే పీడీఎఫ్‌గా మార్చి సైటులో పెడితే చూడటానికి ముచ్చటగా ఉంటుంది. అందులోంచి ఒక మాట కాపీ చేసి వాట్సాప్‌లో అతికించండి, పిచ్చి గీతలు ప్రత్యక్షమవుతాయి. అందులో వెతకలేం, చదివి వినిపించే సాఫ్ట్‌వేర్‌కూ అది అర్థం కాదు. వచనాన్ని పూల బొమ్మ మీద రాసి ఫొటోగా పెట్టినా అంతే. చూపు లేనివారి ఫోను ఆ వచనాన్ని చదవదు, "చిత్రం" అని ఊరుకుంటుంది.

తెలుగు అక్షరాన్ని తెర మీదికి తేవడం పెద్ద కంపెనీలకే చిక్కుగా ఉంటుంది. 2018 ఫిబ్రవరిలో 'జ్ఞా'కు సంబంధించిన ఒక అక్షరాల కూర్పు వచ్చిందంటే చాలు, ఐఫోన్లలో యాప్‌లు కుప్పకూలాయి. ఆ నెల 19న ఐఓఎస్ 11.2.6 విడుదల చేసి ఆపిల్ దాన్ని సరిచేసింది. సామెతల గ్రంథం నిండా ఉండే 'జ్ఞానం'లో తొలి అక్షరం అదే మరి.

ఇక ఫాంటు. మన లిపికి కింద వత్తులు, పైన గుడులు ఉంటాయి. ఇంగ్లీషు కోసం బిగించిన వరుసల్లో తెలుగును పోస్తే పై వరుస వత్తు కింది వరుస గుడిని తాకుతుంది. వెబ్ సౌలభ్య ప్రమాణాలు చెప్పేదేమంటే, పాఠకుడు వరుసల ఎడాన్ని అక్షరం పరిమాణానికి 1.5 రెట్లకు పెంచుకున్నా పేజీ చెదిరిపోకూడదు. తెలుగు సైట్లలో ముందే అంత ఎడం ఇచ్చేస్తే నష్టమేమీ లేదు. రామభద్ర ఫాంటు శీర్షికలకు, పోస్టర్లకు బాగుంటుంది. దాంతో ఆదికాండము మొత్తం పెడితే పది వచనాలకే కళ్లు లాగుతాయి. వార్తా ప్రచురణల కోసం చేసిన మండలి వంటిది చదవడానికి హాయి.

అక్షరాలు తెలుగే అయినా మెనూలో "డివోషనల్స్, రిసోర్సెస్, స్టడీ టూల్స్" అని ఉంటే అది సగమే తెలుగు. మందిరంలో ఎవరూ అలా మాట్లాడరు. అనుదిన ధ్యానం, పాఠాలు, ప్రసంగాలు అంటారు. భాష ఎంచుకునే చోట జాతీయ జెండా బొమ్మ పెట్టేవారూ ఉన్నారు. రాజ్యాంగం 8వ షెడ్యూలులో 22 భాషలున్న దేశంలో ఆ జెండా నొక్కితే ఏ భాష వస్తుందని అనుకోవాలి? 'తెలుగు' అని తెలుగులో రాస్తే చాలు.

అపోహ: వెతుకు పెట్టె ఉంది కదా, ఇంక దారులెందుకు?

అసలు గోలంతా ఇక్కడే ఉంది. దీని గురించి కాస్త వివరంగా చెప్పుకోవాలి.

మన సంఘాల్లో ఎక్కువగా వాడే పాత అనువాదం గ్రాంథికంలో ఉంది. అందులో "చెప్పెను", "వచ్చెను" అని ఉంటుంది. ఫోనులో వెతికేవారు "చెప్పాడు", "వచ్చాడు" అని కొడతారు. అక్షరానికి అక్షరం పోల్చి చూసే సైటు "ఫలితాలు లేవు" అంటుంది. విభక్తులతో ఇంకో పేచీ. "దేవుడు" అని వెతికితే "దేవుని", "దేవునికి", "దేవునియందు" ఉన్న వచనాలేవీ రావు. ఇంగ్లీషులో ఒక మాట కొడితే చాలావరకు దొరుకుతుంది, ఎందుకంటే ఆ భాషలో మాట చివర ఇన్ని మార్పులు ఉండవు. ఇంగ్లీషు సైటు యంత్రాన్ని తెచ్చి తెలుగు పాఠం మీద బిగించిన చోటల్లా ఇదే గతి.

వర్ణక్రమం మరో ముడి. యేసు, ఏసు రెండూ రాస్తారు. అపొస్తలులు అని ఒకరు, అపోస్తలులు అని ఒకరు. ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు కొట్టేవారి స్పెల్లింగులైతే ఎవరికి వారివే. రిఫరెన్సు విషయమూ అంతే. యోహాను 3:16 అని సరిగ్గా రెండు చుక్కలు పెడితేనే ఒప్పుకునే సైట్లున్నాయి. మధ్యలో ఖాళీ వదిలినా, "యోహాను సువార్త" అన్నా మొరాయిస్తాయి.

గ్రంథాల పేర్ల పట్టికను అక్షర క్రమంలో పేర్చడం మరీ అన్యాయం. యంత్రం అంకెల్ని ముందు పెడుతుంది కాబట్టి "1 కొరింథీయులకు" పైకెక్కుతుంది. తెలుగు అక్షరాల వరుసలో అపొస్తలుల కార్యములు వచ్చాకే ఆదికాండము వస్తుంది. సండే స్కూల్లో 66 గ్రంథాల వరుసను పాటలా నేర్చుకున్న పిల్లలకు ఆ వరుసే దారి. దాన్ని చెరిపేసి చక్కగా సర్దామనుకోవడం విచిత్రం. కొన్ని సైట్లు చోటు చాలదని పేర్లను మొదటి అక్షరానికి కుదిస్తాయి. 'యో' అంటే యోబా, యోవేలా, యోనానా, యోహానా? యోహాను పత్రికలు మూడూ కలిపితే 'యో' అక్షరం కిందికి వచ్చే గ్రంథాలు ఏడు. 'యె' కింద యెహోషువ, యెషయా, యెహెజ్కేలు.

"ఫలితాలు లేవు" అన్న మాటను చిన్న లోపంగా తీసిపారేయలేం. అది చూసినవారు తాము వేరే రూపంలో కొట్టామని అనుకోరు, బైబిల్లోనే ఆ మాట లేదని అనుకుంటారు. అధ్యయనం కోసం పెట్టిన సైటు అబద్ధం చెప్పినంత పని అవుతుంది. కనీసం "ఈ రూపంలో దొరకలేదు, ఇవి చూడండి" అని దగ్గరి మాటల్ని చూపించాలి.

అపోహ: ఏదైనా మూడు క్లిక్కుల్లో దొరకాలి

ఈ సూత్రం డిజైనర్ల నోట తరచూ వినిపిస్తుంది. డిజైన్ పరిశోధకుడు జాషువా పోర్టర్ 2003లో ప్రచురించిన పరిశీలనలో క్లిక్కుల సంఖ్యకూ జనం విసుగుకూ సంబంధం కనిపించలేదు. ప్రతి క్లిక్కూ సరైన దారిలోనే ఉన్నామని చెబుతుంటే నాలుగైదు నొక్కినా ఎవరూ బాధపడరు. గ్రంథం, అధ్యాయం, వచనం అనే మూడు మెట్లు తరతరాలుగా అలవాటైనవే. వాటిని ఒకటి చేయాలని పేజీ నిండా చిన్న చిన్న లింకులు గుమ్మరిస్తే వేలు ఒకదాని మీద పెట్టబోతే ఇంకోటి తెరుచుకుంటుంది. మూడు గీతల గుర్తు వెనక మెనూ మొత్తం దాచేయడం దీనికి మరో కొస. ఆ గుర్తు 1981 నాటి జిరాక్స్ స్టార్ కంప్యూటరులోది. అంత పాతదైనా దాని వెనక ఏముందో నొక్కితే తప్ప తెలియదు.

అపోహ: ఎన్ని సదుపాయాలు ఉంటే అంత మంచి అధ్యయనం

పాఠం దొరకడం ఇప్పుడు సమస్యే కాదు. 2019 నాటి తెలుగు ఇండియన్ రివైజ్డ్ వెర్షన్‌ను ఎవరైనా వాడుకునేలా క్రియేటివ్ కామన్స్ లైసెన్సు కింద ఇచ్చారు. దాంతో సైట్లన్నీ అదనపు హంగుల మీద పడ్డాయి. వ్యాఖ్యానాలు, పటాలు, వీడియోలు, క్విజ్‌లు, వాటి మధ్య ఎక్కడో ఓ మూల వచనం. కొన్నిచోట్ల ఒకే వరుసలో వచనం నంబరు, అధోసూచిక నంబరు, జేమ్స్ స్ట్రాంగ్ 1890 నాటి పదసూచిక (కాంకార్డెన్సు) నంబరు, మూడూ ఒకే సైజులో చిన్న అంకెలుగా ఉంటాయి. ఏది దేనికో తెలియక చదువరి దేన్నీ నొక్కడు.

లాగిన్ గోడ ఇంకా చిరాకు. చెరకు బండి కాటా ఎక్కకముందే రైతును సంతకం పెట్టమన్నట్టు, ఒక్క వచనం చూద్దామని వచ్చినవారిని ఫోన్ నంబరు ఇమ్మంటుంది, ఓటీపీ కొట్టమంటుంది. ఒక మనిషి ఏ లేఖనం, ఏ రాత్రి చదివాడన్నది అతని సొంత సంగతి. గుర్తులు దాచుకోవాలనుకున్నప్పుడు అడిగితే చాలు.

బరువు లెక్క కూడా ఉంది. యూటీఎఫ్-8లో ఒక్కో తెలుగు అక్షర సంకేతానికి 3 బైట్లు పడుతుంది. అయినా బైబిల్ మొత్తాన్ని కుదిస్తే కొన్ని మెగాబైట్లలో ఇమిడిపోతుంది. సిగ్నల్ సరిగా అందని పల్లెలో ఒకసారి దించుకుంటే నెట్ లేకుండానే చదువుకోవచ్చు. తెరవగానే దానంతటదే మోగే స్వాగత వీడియో అంతకంటే ఎక్కువ తినేస్తుంది. పైగా మందిరంలో ప్రార్థన మధ్యలో మోగిందంటే పరువు పోతుంది.

అపోహ: పెద్దవాళ్లకు ఫోను చేతకాదు, అందుకే సైటు అర్థం కాదు

వాట్సాప్‌లో వాయిస్ మెసేజీలు పంపేదీ వాళ్లే, ఫొటోలు పక్కవాళ్లకు చేరవేసేదీ వాళ్లే. చేతకానిది వాళ్లకు కాదు, సైటుకే. లేత బూడిద రంగు అక్షరాన్ని తెల్లటి తెర మీద పెట్టి, ఎండలో చదవమంటే ఏ కళ్లకైనా కష్టమే. మామూలు సైజు అక్షరానికీ వెనకరంగుకూ మధ్య కనీసం 4.5కి 1 నిష్పత్తిలో తేడా ఉండాలని వెబ్ ప్రమాణాలు 2008 నుంచీ చెబుతున్నాయి. అక్షరం పెద్దది చేసుకునే మీట పైనే కనిపించాలి, సెట్టింగుల్లో నాలుగో అర లోపల కాదు. పెద్దది చేసినప్పుడు వరుస తెర దాటి పక్కకు పోకూడదు.

పైగా గ్రంథం తెలిసినవాళ్లు పెద్దలే. ఏ మాట ఏ గ్రంథంలో ఉందో చూడకుండా చెప్పగలవారికి సైటు అర్థం కాలేదంటే, సైటుకు గ్రంథం అర్థం కాలేదని లెక్క.

అపోహ: సైటును పరీక్షించాలంటే పెద్ద కంపెనీ, లక్షల ఖర్చు కావాలి

వెబ్ వాడుక నిపుణుడు జేకబ్ నీల్సన్ 2000లోనే చెప్పిన సంగతి, ఐదుగురిని కూర్చోబెట్టి చూస్తే పెద్ద లోపాల్లో ఎక్కువ భాగం బయటపడతాయని. గోవాడలోనో చోడవరంలోనో ఆ ఐదుగురు దొరకడం కష్టమేమీ కాదు. ఒక సండే స్కూలు టీచరు, ఇంటర్ చదివే కుర్రాడు, చత్వారం వచ్చిన మామ్మ, కొత్తగా మందిరానికి వస్తున్న ఒకరు, సంఘ కాపరి ఒకరు. వాళ్ల ఫోన్లలోనే తెరవమనాలి, మన కొత్త ఫోను ఇవ్వకూడదు. హబక్కూకు మూడో అధ్యాయం తియ్యమనాలి. "క్షమించాడు" అని వెతకమనాలి. దొరికిన వచనాన్ని వాట్సాప్‌లో తమ్ముడికి పంపమనాలి. ఆ తర్వాత చేతులు కట్టుకుని చూడటమే. "అదిగో, పైన నొక్కమ్మా" అనకూడదు. వేలు ఎక్కడ ఆగిందో, వెనక్కి బాణం ఎక్కడ నొక్కారో రాసుకుని, ముందు ఆ చోట్లు బాగుచెయ్యాలి.