ఆ నవ్వు ఉద్యోగంలో భాగం

ఇంట్లో ఇంటర్నెట్ ఆగిపోతుంది. కస్టమర్ కేర్‌కు ఫోన్ చేస్తాం. అవతల ఒక అమ్మాయి "నమస్కారం సార్, చెప్పండి" అంటుంది. ఎక్కువమంది సమస్య చెప్పి, జవాబు విని ఫోన్ పెట్టేస్తారు. కొందరు పెట్టెయ్యరు. "మీ గొంతు చాలా బాగుందండీ" అంటారు. "మీది ఏ ఊరు? పెళ్లయిందా?" అని అడుగుతారు. వాట్సాప్ నంబర్ ఇవ్వమంటారు. బట్టల షోరూములో, మొబైల్ షాపులో, ఆసుపత్రి రిసెప్షన్‌లో, మాల్‌లో క్రెడిట్ కార్డులు అమ్మే చిన్న టేబుల్ దగ్గర కూడా ఇదే జరుగుతుంది. కుర్రాళ్లు దీన్ని పులిహోర కలపడం అని తేలిగ్గా అంటారు. వినేవారికి అది తేలిక కాదు. ఎందుకు కాదో తెలియాలంటే, ఆమె చేస్తున్న పని ఏమిటో ముందు చూడాలి.

అమెరికా సామాజిక శాస్త్రవేత్త ఆర్లీ రసెల్ హోక్‌షీల్డ్ 1983లో 'ది మేనేజ్డ్ హార్ట్' అనే పుస్తకం రాశారు. డెల్టా ఎయిర్‌లైన్స్‌లో ఎయిర్‌హోస్టెస్‌ల పనిని దగ్గరగా గమనించి, దానికి ఎమోషనల్ లేబర్ (జీతం కోసం సొంత భావాలను అణుచుకుని, ఉద్యోగం కోరే భావాన్ని ముఖంలో, గొంతులో చూపించే పని) అని పేరు పెట్టారు. ట్రేలు మోయడం ఒంటితో చేసే పని. విసిగించే ప్రయాణికుడి ముందు నవ్వు చెదరకుండా నిలబడడం మనసుతో చేసే పని. మొదటిది కంటికి కనిపిస్తుంది. రెండోది కనిపించదు కాబట్టి దాన్ని ఎవరూ లెక్కలో వెయ్యరు.

హోక్‌షీల్డ్ అదే పుస్తకంలో బాకీలు వసూలు చేసేవారినీ గమనించారు. వారి ఉద్యోగానికి కావలసింది నవ్వు కాదు, గద్దింపు. వసూలుకు వచ్చినవాడు గద్దిస్తే అది అతని డ్యూటీ అని మనకు వెంటనే తెలుస్తుంది. కౌంటర్ వెనక ఉన్న అమ్మాయి నవ్వితే మాత్రం, అది తనకోసమే నవ్విన నవ్వు అనుకునేవారు ఉంటారు.

ఈ పొరపాటు ఎలా పుడుతుంది? 1982లో ఆంటోనియా ఆబీ అనే మనస్తత్వ శాస్త్రవేత్త కాలేజీ విద్యార్థులతో ఒక ప్రయోగం చేశారు. పరిచయం లేని ఒక యువకుడూ ఒక యువతీ ఐదు నిమిషాలు మాట్లాడుకుంటారు. మరో యువకుడు, మరో యువతి చాటు నుంచి చూస్తారు. ఇలా చాలామందితో చేశాక ఒక తేడా బయటపడింది. మాట్లాడిన యువతి ప్రవర్తన ఆడవాళ్లకు ఉత్త స్నేహంగానే కనిపించిన చోట, మగవాళ్లకు అందులో ఆకర్షణ కూడా కనిపించింది. మాట్లాడిన యువకుడికే కాదు, పక్కనుంచి చూసినవాడికీ అలాగే అనిపించింది. ఆ ప్రయోగంలో అమ్మాయికి నవ్వాలన్న నిబంధనేమీ లేదు. షోరూములో ఉంది. వచ్చిన ప్రతివారినీ నవ్వుతూ పలకరించాలని ట్రైనింగ్‌లోనే చెబుతారు. అంటే పొరబడడానికి దారి అక్కడ ఇంకా విశాలంగా తెరిచి ఉంటుంది.

పొరబాటును అర్థం చేసుకోవచ్చు. ఆమె మాట మార్చిన తరువాత కూడా అదే పట్టుకుని సాగదీస్తే అది పొరబాటు కాదు. ఇక్కడ ఒక తేడా గుర్తుపెట్టుకోవాలి. కాలేజీలోనో పెళ్లింట్లోనో ఎదుటివాడి మాట నచ్చకపోతే అమ్మాయి లేచి వెళ్లిపోగలదు, ముఖం మీదే చెప్పగలదు. డ్యూటీలో ఉన్నప్పుడు ఆ రెండూ చెయ్యలేదు. "కాదు" అనే వీలులేని మనిషిని అడిగిన ప్రశ్న ప్రశ్న కాదు, ఒత్తిడి. అందుకే చాలామంది సేల్స్ అమ్మాయిలు మొదటి మాటలోనే "అన్నా", "అన్నయ్యా" అని పిలుస్తారు. వరస కలిపి గీత గీసుకోవడం అది. కాల్ సెంటర్‌లో స్క్రిప్టు "సార్" అనే అనమంటుంది. ఆ కాస్త రక్షణ కూడా అక్కడ ఉండదు.

ఇక వ్యాపారం వైపు చూద్దాం. అందంగా ఉన్నవారిని, తియ్యగా మాట్లాడేవారిని ముందు నిలబెడితే అమ్మకాలు పెరుగుతాయన్న నమ్మకం కొత్తది కాదు. 1878లో అమెరికాలోని బోస్టన్‌లో ఎమ్మా నట్ తొలి మహిళా టెలిఫోన్ ఆపరేటర్‌గా చేరారు. అంతకు ముందు ఆ పని చేసిన కుర్రాళ్లు ఫోన్ చేసినవారితో దురుసుగా మాట్లాడేవారు. ఆమె గొంతు ఫోన్ చేసినవారికి నచ్చింది. కొద్దికాలంలోనే అది ఆడవాళ్ల ఉద్యోగం అయిపోయింది.

అందానికి వ్యాపారంలో విలువ ఉన్న మాట నిజమే. దాని వెనక ఉన్నది హాలో ఎఫెక్ట్ (ఒక్క గుణం బాగుంటే మిగతావన్నీ బాగున్నట్టే అనిపించడం). ఎడ్వర్డ్ థార్న్‌డైక్ 1920లో సైనికాధికారుల అంచనాలను పరిశీలించి దీన్ని చూపించారు. ముఖం బాగున్నవారు చెప్పే మాట కూడా నమ్మదగ్గదే అనిపిస్తుంది. 1994లో డేనియల్ హామర్‌మెష్, జెఫ్ బిడిల్ అనే ఆర్థికవేత్తలు, అందంగా ఉన్నవారి సంపాదన మిగతావారికంటే ఎక్కువగా ఉంటోందని, ఇది మగవారి విషయంలోనూ నిజమేనని లెక్కలతో చూపించారు.

అయితే ఆ లాభం కోసం కంపెనీలు ఎంతదూరం వెళ్లాయో విమానయాన చరిత్ర చెబుతుంది. ప్రయాణికులు ఆడవాళ్లనే ఇష్టపడతారంటూ పాన్ యామ్ సంస్థ మగవారికి క్యాబిన్ ఉద్యోగాలు ఇవ్వలేదు. ఆ వాదనను 1971లో అమెరికా అప్పీళ్ల కోర్టు కొట్టేసింది. సౌత్‌వెస్ట్ ఎయిర్‌లైన్స్ మరో అడుగు వేసి, ఆకర్షణే మా బ్రాండ్ అని వాదించింది. ఆ కంపెనీ అసలు పని ప్రయాణికులను భద్రంగా చేర్చడమని 1981లో టెక్సాస్ కోర్టు గుర్తు చేసింది. సరిగ్గా అదే ఏడాది మన సుప్రీంకోర్టు ముందుకు ఎయిర్ ఇండియా కేసు వచ్చింది. ఎయిర్‌హోస్టెస్ మొదటిసారి గర్భవతి అయితే ఉద్యోగం పోతుందన్న నిబంధన అప్పటికి అమల్లో ఉంది. కోర్టు దాన్ని కొట్టేసింది. చేరిన నాలుగేళ్లలో పెళ్లి చేసుకోకూడదన్న షరతును మాత్రం ఉంచింది. ఆ తీర్పులో నాకు ఈనాటికీ మింగుడుపడని భాగం అదే.

ఈ ధోరణి మనుషులతో ఆగలేదు. మాట్లాడే యంత్రాలకు కూడా ఆడగొంతే పెట్టారు. ఎవరైనా బూతు మాట అంటే యాపిల్ వారి సిరి ఒకప్పుడు సిగ్గుపడుతున్నట్టు జవాబిచ్చేది. 2019లో యునెస్కో ఒక నివేదికకు ఆ జవాబునే శీర్షికగా పెట్టింది. ఎవరో కూర్చుని ఆలోచించి రాసిన జవాబది.

అంటే ఈ గజిబిజి తనంతట తాను పుట్టింది కాదు. నవ్వు మర్యాదా, చనువా అన్నది తేలకుండా ఉంటే అమ్మేవాడికి లాభం. కస్టమర్ ఇంకాసేపు నిలబడతాడు, మళ్లీ వస్తాడు. ఆ లాభం యాజమాన్యానిది. రాత్రి పదకొండింటికి వచ్చే "హాయ్" మెసేజ్ మాత్రం ఆమె ఫోన్‌కు వస్తుంది.

హైదరాబాద్ చుట్టూ ప్లాట్ల వెంచర్లు అమ్మే చిన్న ఆఫీసులను తీసుకోండి. షాద్‌నగర్ వైపో యాదాద్రి వైపో స్థలం ఉందని టెలికాలర్ అమ్మాయిలు ఫోన్ చేస్తారు. చాలా చోట్ల సొంత నంబరు నుంచే చెయ్యాలి. ఆ నంబరు అపరిచితుల ఫోన్లలో మిగిలిపోతుంది. కస్టమర్‌ను సైట్ విజిట్‌కు ఒప్పిస్తేనే టార్గెట్ పూర్తవుతుంది, కొన్నిసార్లు అదే కారులో తానూ వెళ్లాలి. కమీషన్ అతని "సరే" మీద ఆధారపడి ఉంటుంది. అతను హద్దు దాటి మాట్లాడితే ఆమె ముందున్నవి రెండే దారులు: భరించడం, లేదా ఆ నెల డబ్బు వదులుకోవడం. పెద్ద కాల్ సెంటర్లలో నంబరు బయటపడదు. అక్కడ భయం రేటింగ్‌ది. కోపంతో అతను ఇచ్చే ఒక్క స్టార్ ఆమె స్కోరులో పడుతుంది. ఎందుకు పడిందో స్కోరు చెప్పదు.

చట్టం ఈ విషయంలో చాలామంది అనుకునేదానికంటే స్పష్టంగా ఉంది. 1997 నాటి విశాఖ తీర్పులోనే బయటివారి వేధింపు విషయంలోనూ యజమాని అండగా నిలవాలని సుప్రీంకోర్టు చెప్పింది. 2013లో వచ్చిన పని ప్రదేశంలో లైంగిక వేధింపుల నిరోధక చట్టం 19వ సెక్షన్ దాన్ని విధిగా చేసింది. పని ప్రదేశంలో తారసపడే వ్యక్తుల నుంచి భద్రత కల్పించడం యజమాని బాధ్యత. కస్టమర్ అందులోకి వస్తాడు. 10 మంది, అంతకు మించి పనిచేసే చోట అంతర్గత కమిటీ (ఫిర్యాదులు విని విచారించే బృందం) ఉండాలి. అంతకంటే చిన్న షాపైతే జిల్లాలోని స్థానిక కమిటీకి చెప్పుకోవాలి. మామూలుగా 3 నెలల్లోపు ఫిర్యాదు ఇవ్వాలి.

చిక్కు ఎక్కడంటే, కమిటీ సొంత ఉద్యోగి మీద చర్య సిఫారసు చెయ్యగలదు గానీ, కస్టమర్‌కు మెమో ఇవ్వలేదు. అప్పుడు మిగిలేది పోలీసు ఫిర్యాదు. లైంగికంగా అసభ్య వ్యాఖ్యలు చెయ్యడం భారతీయ న్యాయ సంహిత 75వ సెక్షన్ కింద నేరం. వద్దన్నా పదే పదే సంప్రదించడం 78వ సెక్షన్ కింద నేరం. ఫిర్యాదు పెట్టడానికి ఆమెకు సాయం చెయ్యాలని ఆ 2013 చట్టమే యజమానికి చెబుతోంది. రుజువులు కూడా యజమాని దగ్గరే ఉంటాయి. నాణ్యత కోసమంటూ రికార్డు చేసే కాల్స్, షాపులోని సీసీ కెమెరా దృశ్యాలు ఆమె చేతిలో ఉండవు.

బయటి దేశాలు ఈ బరువును యాజమాన్యం వైపు ఇంకా జరుపుతున్నాయి. దక్షిణ కొరియా 2018లో కస్టమర్లతో మాట్లాడే ఉద్యోగుల రక్షణకు చట్టం సవరించింది. దూషణ ఎదురైతే ఆ పనిని తాత్కాలికంగా ఆపించడం, విరామం ఇవ్వడం యజమాని చెయ్యాల్సిన పనుల్లో చేరాయి. కస్టమర్ల వేధింపును నిషేధిస్తూ టోక్యో నగరం చేసిన ఆర్డినెన్స్ 2025 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చింది. దానిలో శిక్షలు లేవు. అయినా కస్టమర్‌కు మితిమీరిన గౌరవం ఇచ్చే దేశంలో ఆ మాట కాగితం మీదికి రావడం చిన్న విషయం కాదు.

మన షోరూము యజమానులు, వెంచర్ల ఆఫీసులవారు, కాల్ సెంటర్ మేనేజర్లు కొత్త చట్టం కోసం ఎదురుచూడనక్కర్లేదు. ఒక్కసారి హెచ్చరించి ఫోన్ పెట్టెయ్యవచ్చని రాతపూర్వకంగా ఇవ్వండి. ఆ కాల్‌కు వచ్చిన రేటింగ్‌ను లెక్క నుంచి తీసెయ్యండి. ఆఫీసు నంబరు ఇవ్వండి, సైట్ విజిట్‌కు ఆమెను ఒంటరిగా పంపకండి. ఆమె నవ్వు మీ వ్యాపారానికి పనికొస్తున్నప్పుడు, ఆ నవ్వు ఆపే హక్కు కూడా ఆమెకు మీరే ఇవ్వాలి.