బందరు దస్తర్‌ఖాన్ నుంచి ఆమ్‌స్టర్‌డామ్ బల్ల దాకా

1606లో గోల్కొండ సుల్తాను అనుమతితో డచ్చివారు మచిలీపట్నంలో వర్తక స్థావరం నెలకొల్పారు. వారి సమాధులు నేటికీ బందరులో ఉన్నాయి. మన నేత వస్త్రాల కోసం వచ్చిన ఆ జనం మన ఎండకూ, మన తిండికీ అలవాటు పడవలసి వచ్చింది. నాలుగు వందల ఏళ్ళ తరువాత ఆ పని మన వంతయింది. విజయవాడ, గుడివాడ, బందరు ప్రాంతాల పిల్లలు చదువులకూ ఉద్యోగాలకూ ఐరోపా వెళుతున్నారు. వారిని చూడటానికి తల్లిదండ్రులు వెళుతున్నారు. మేమూ అలాగే వెళ్ళి ఆమ్‌స్టర్‌డామ్‌లో నెల రోజులు ఉన్నాం.

చేరిన మరునాడే ‘కాఫీషాప్’ అన్న పలక చూసి లోపలికి అడుగు పెట్టబోయాం. మా అబ్బాయి చేయి పట్టుకుని ఆపాడు. “అబ్బా, అక్కడికి కాఫీ కోసం ఎవరూ వెళ్ళరు. గంజాయి అమ్ముతారు” అన్నాడు. ఆ నగరంలో ఆ మాటకు అర్థం అదే. ‘కేఫే’ అని ఉన్నచోట మద్యం కూడా ఉంటుంది. కాఫీ మాత్రమే కావలసినవారు రొట్టెల దుకాణానికి వెళ్ళడం మేలు.

మధ్యాహ్నం అక్కడివారు రొట్టె, జున్నుతో సరిపెట్టుకుంటారు. వేడి భోజనం సాయంత్రం ఆరు గంటల ప్రాంతంలోనే. మన ఇళ్ళలో భోజన వేళకు వచ్చినవారిని దస్తర్‌ఖాన్ పరవకుండా పంపితే తప్పు. అక్కడ పిలవకుండా భోజన వేళకు వెళ్ళడమే తప్పు. మేము మొదట దీన్ని లోభం అనుకున్నాం. తరువాత దివ్యఖుర్ఆన్‌లోని అహ్‌జాబ్ సూరా 53వ ఆయత్ గుర్తుకొచ్చింది. ప్రవక్త గృహాలకు అనుమతి లేనిదే భోజనానికి వెళ్ళరాదనీ, వంట అయ్యేదాకా కనిపెట్టుకుని ఉండరాదనీ, తిన్నాక కబుర్లలో పడక లేచి వెళ్ళిపోవాలనీ అల్లాహ్ విశ్వాసులకు నేర్పాడు. ఆ మర్యాదను మనం ఎంతవరకు పాటిస్తున్నామో మన వలీమా విందులే చెబుతాయి.

ఇక హలాల్ విషయం. డచ్చి భాషలో ‘వార్కెన్’ అంటే పంది, ‘స్పెక్’ అంటే పంది కొవ్వు మాంసం. ఈ రెండు మాటలూ కంఠతా పట్టాలి. చలికాలంలో ఇష్టంగా తాగే ఎండు బఠానీల సూప్ చూడటానికి మన పప్పులా ఉంటుంది గాని అందులో పంది మాంసం వేస్తారు. ‘ఫ్రికండెల్’ అనే వేపుడులోనూ సాధారణంగా అదే కలుస్తుంది. పిల్లలు అడిగే నల్లని అతిమధురం బిళ్ళలలో చాలావాటికి జెలటిన్ కలుపుతారు. తీపి వంటకాలలో రమ్ము ఉందేమో అడగనిదే ఎవరూ చెప్పరు.

అయినా పస్తులుండే అవసరం లేదు. తుర్కీ, మొరాకో కుటుంబాల మాంసపు దుకాణాలు పేటపేటనా ఉన్నాయి. మతాచారం ప్రకారం జరిగే జబహ్‌ను ఆపాలని 2011లో అక్కడి పార్లమెంటు దిగువ సభ ఓటు వేసింది. 2012లో ఎగువ సభ ఆ బిల్లును తిరస్కరించింది. కనుక ఆ మాంసం నేటికీ దొరుకుతోంది. గ్రంథ ప్రజల ఆహారం ధర్మసమ్మతమన్న మాయిదా సూరా ఆయత్‌ను ఆధారం చేసుకుని సాధారణ దుకాణాల మాంసం తినేవారూ ఉన్నారు. ఇందులో పండితుల మధ్య భేదాభిప్రాయం ఉంది. మేము జబీహాకే కట్టుబడ్డాం.

మాకు అన్నిటికంటె నచ్చినవి సురినామ్‌వారి రోటీ దుకాణాలు. 1873 నుంచి ఉత్తర భారతం నుంచి కూలీలుగా సురినామ్‌కు వెళ్ళినవారి సంతతి వీరు. ఆ దేశం 1975లో స్వతంత్రమైన రోజులలో చాలామంది నెదర్లాండ్స్‌కు తరలి వచ్చారు. కోడి కూర, బంగాళాదుంప, అలసంద కాయలు, మెత్తని రోటీ. గోంగూర ఒక్కటే తక్కువ! హలాల్ అవునో కాదో అడిగితే నొచ్చుకోరు.

ఒకనాడు మా అబ్బాయి పై అధికారి మమ్మల్ని ఇంటికి భోజనానికి పిలిచారు. అల్లాహ్‌నూ పరలోకాన్నీ విశ్వసించేవాడు మద్యం వడ్డించే బల్ల దగ్గర కూర్చోరాదని దైవప్రవక్త (సఅసం) హెచ్చరించినట్లు తిర్మిజీ గ్రంథంలో ఉంది. “ఆ సంగతి ముందే ఆయనకు చెప్పు బాబూ” అన్నాం. అబ్బాయి రెండు రోజులు తటపటాయించాడు. పై అధికారి నొచ్చుకుంటారేమోనని భయం. చివరకు చెప్పాడు. మేము వెళ్ళేసరికి బల్లమీద చేప, కూరలు, మంచినీళ్ళు, పళ్ళరసం మాత్రమే ఉన్నాయి. వారి పద్ధతిలో ముళ్ళచెంచా ఎడమ చేతిలో ఉంటుంది; మేము ముందుగా ముక్కలు కోసుకుని దాన్ని కుడి చేతికి మార్చుకుని, బిస్మిల్లాహ్ అని తిన్నాం. ఎవరూ వింతగా చూడలేదు.

బయలుదేరేటప్పుడు ఆ పెద్దమనిషి మా అబ్బాయి భుజం తట్టి, “రెండేళ్ళుగా ఆఫీసు విందులకు వస్తున్నావు, ఈ మాట ఎన్నడూ చెప్పలేదేం?” అని అడిగారు. వాడు తల వంచుకున్నాడు. ట్రాములో ఇంటికి వచ్చేదాకా మేమూ ఏమీ అడగలేదు.