మోగని అలారాన్ని ఎంతవరకు నమ్మాలి?

ధరూర్ మండలం రేవులపల్లి దగ్గర జూరాల జలవిద్యుత్ కేంద్రంలో ఆరు యూనిట్లున్నాయి, మొత్తం సామర్థ్యం 234 మెగావాట్లు. అలాంటి కేంద్రాల్లో బేరింగు వేడెక్కినా, ఆయిల్ ఒత్తిడి పడిపోయినా కంట్రోల్ రూమ్‌లో అలారం మోగుతుంది. జూరాల కాలువల కింద పొలం దున్నే ట్రాక్టర్‌కు మీటర్ల పక్కన ఎర్రటి ఆయిల్ లైటు ఉంటుంది. సముద్రం మీద తిరిగే తెరచాప పడవల్లోనూ గాలి పడిపోయినప్పుడు, రేవులోకి వచ్చేటప్పుడు వాడుకోవడానికి చిన్న డీజిల్ ఇంజన్ ఉంటుంది. చుక్కాని పట్టిన మనిషికి అది కనబడదు కాబట్టి దానికి లైటుతో పాటు బజర్ కూడా పెడతారు. మూడు చోట్లా అడగాల్సిన ప్రశ్న ఒకటే. అలారం మోగలేదంటే యంత్రం బాగున్నట్టా, అలారమే చచ్చిపోయినట్టా? ఈ తేడా చెప్పలేని అలారం అసలు లేనిదాని కన్నా ప్రమాదకరం. లేదని తెలిస్తే మనిషి కనిపెట్టుకుని ఉంటాడు, ఉందనుకుంటే నిశ్చింతగా వదిలేస్తాడు. అందుకే పాత అలారం తీసి కొత్తది బిగించేటప్పుడు అది ఎంత గట్టిగా మోగుతుందన్నది చిన్న సంగతి. దాని తీగ తెగిననాడు ఏం జరుగుతుందో ముందు తేల్చుకోవాలి.

ఈ ఆలోచన పుట్టే ముందు ప్రాణాలు పోయాయి. 1803 సెప్టెంబర్ 8న లండన్ దగ్గర గ్రీనిచ్‌లో రిచర్డ్ ట్రెవిథిక్ ఆవిరి యంత్రం బాయిలర్ పేలి నలుగురు చనిపోయారు. దాన్ని చూసుకోవాల్సిన కుర్రవాడు చేపలు పట్టడానికి వెళ్లాడు. మరో పనివాడు ఆవిరి బయటికి పోయే దారి తెరవకుండానే యంత్రాన్ని ఆపేశాడు. ఆ దెబ్బతో ట్రెవిథిక్ బాయిలర్‌కు సీసపు బిరడా పెట్టడం మొదలుపెట్టాడు. నీటి మట్టం ప్రమాదకరంగా తగ్గితే సీసం కరిగి, ఆవిరి పొయ్యిలోకి బుస్సున దూకుతుంది. కరెంటు అలారాలు వచ్చిన కొత్తలో, తనంతట తానే పనిచేసే ఇలాంటి భరోసా సడలింది. 1853లో అమెరికాలో ఆగస్టస్ పోప్ పేటెంట్ తీసుకున్న దొంగల అలారంలో తలుపు తెరిస్తే సర్క్యూట్ కలిసి గంట మోగేది. తీగ ముందే తెగి ఉంటే గంటా మోగదు, ఇంటివాళ్లకూ తెలియదు. 1872లో విలియం రాబిన్సన్ రైలు పట్టాల కోసం ఈ పద్ధతిని తలకిందులు చేశాడు. పట్టాల్లో ఎప్పుడూ కరెంటు పారుతూ రిలేను పట్టి ఉంచుతుంది. రైలు వచ్చినా, తీగ తెగినా, బ్యాటరీ అయిపోయినా రిలే వదిలేస్తుంది, సిగ్నల్ ఎర్రబడుతుంది. మన రైల్వేల్లో ట్రాక్ సర్క్యూట్లు ఇవాళ్టికీ ఈ సూత్రం మీదే నడుస్తున్నాయి.

బజర్ పెట్టిన ట్రాక్టర్‌లోనూ పడవలోనూ వచ్చే చిక్కేమిటంటే, రెండు రకాల స్విచ్‌లు ఒకే బజర్‌ను పంచుకుంటాయి. ఆయిల్ ప్రెషర్ స్విచ్ ఇంజన్ బ్లాకులో బిగించిన బొటనవేలంత ముక్క. లోపల పలుచని డయాఫ్రమ్, స్ప్రింగు, ఒక కాంటాక్టు ఉంటాయి. ఇంజన్ ఆగి ఉన్నప్పుడు ఒత్తిడి ఉండదు, కాంటాక్టు కలిసే ఉంటుంది. అందుకే తాళం తిప్పగానే బజర్ మోగుతుంది. స్టార్టయ్యాక ఆయిల్ ఒత్తిడి ఎక్కి కాంటాక్టు విడిపోతుంది, మోత ఆగుతుంది. అంటే స్టార్ట్ చేసిన ప్రతిసారీ తీగకు, ఫ్యూజుకు, బజర్‌కు, స్విచ్‌కు పరీక్ష జరిగినట్టే. వేడి స్విచ్ అలా కాదు. ఇంజన్ నీళ్లు దాదాపు 95 డిగ్రీలు దాటితే గానీ అది కలవదు. దాని తీగ ఊడి ఏడాదైనా, ఆయిల్ స్విచ్ పుణ్యమా అని తాళం తిప్పినప్పుడల్లా బజర్ మోగుతూనే ఉంటుంది. పాలమూరు ఎండలో రేడియేటర్ చెత్తతో మూసుకుపోయిన రోజున మాత్రం నోరు విప్పదు.

వైరింగ్‌లో తప్పు జరిగేదీ ఈ రెండు స్విచ్‌ల తీగలు బజర్‌తో కలిసే చోటే. తాళం నుంచి వచ్చే ప్లస్ తీగ ఫ్యూజు దాటి బజర్‌కు పోతుంది. మైనస్ తీగ స్విచ్‌లకు పోయి, అక్కడి నుంచి ఇంజన్ బ్లాకు ద్వారా ఎర్త్ అవుతుంది. ఆయిల్ తీగను, వేడి తీగను నేరుగా ఒకే ముడిలో కలిపితే ఏ ఒక్క స్విచ్ కలిసినా రెండు లైట్లూ వెలుగుతాయి, ఏది చెడిందో తెలియదు. ఒక్కో దారిలో, కరెంటును ఒకే వైపు పోనిచ్చే డయోడ్ ఒక్కోటి వేసి, దాని మీది గీత స్విచ్ వైపు ఉండేలా పెట్టాలి. ఛార్జింగ్ లైటు బల్బు తీసేసి దాని చోట బజర్ పెడితే ఇంకో తంటా. చాలా ఆల్టర్నేటర్లు పని మొదలుపెట్టేది ఆ బల్బు గుండా వచ్చే కరెంటుతోనే. పియజో బజర్ తీసుకునే కొద్ది మిల్లీ ఆంపియర్లు అందుకు చాలవు, బ్యాటరీ ఛార్జే ఎక్కదు.

స్టార్ట్ చేసినప్పుడల్లా మోత చిరాకని బజర్ తీగ పీకేసేవాళ్లున్నారు. చిరాకు నిజమే, కానీ ఆ రెండు క్షణాల మోత తప్ప బజర్ బతికి ఉందనడానికి ఇంకో సాక్ష్యం లేదు. మీటర్ ఉంటే చాలదా అని ఇంకొందరంటారు. సాలు ఎలా పడుతోందో వెనక్కి తిరిగి చూసే డ్రైవర్ కంటికి మీటర్ ఆనదు, చెవికి బజర్ వినబడుతుంది. కొత్త ఇంజన్లలో కంప్యూటరే చూసుకుంటుందన్న వాదనలో బలముంది. కానీ ఆ కంప్యూటర్ చేసేదేమిటి? సెన్సర్ తీగ తెగితే దాన్నీ లోపంగానే చూపడం. అది రాబిన్సన్ దారే.

ఒక్క విషయంలో మాత్రం రాజీ కుదరదు. 2020 ఆగస్టు 20 రాత్రి నాగర్‌కర్నూల్ జిల్లాలోని శ్రీశైలం ఎడమగట్టు భూగర్భ విద్యుత్ కేంద్రంలో మంటలు చెలరేగి తొమ్మిది మంది చనిపోయారు. అక్కడ డీసీ బ్యాటరీల మార్పిడి పని జరుగుతున్న రాత్రి అది. విద్యుత్ కేంద్రాల్లో అలారాలు మోగడానికీ, బ్రేకర్లు తెగడానికీ కరెంటు ఇచ్చేది ఆ బ్యాటరీలే. రక్షణ ఏర్పాట్లను మార్చే గంటల్లోనే యంత్రానికి రక్షణ అతి తక్కువగా ఉంటుంది. చిన్న ట్రాక్టర్ విషయంలోనైనా అలారం పని పూర్తయి, పరీక్ష అయ్యేదాకా ఇంజన్‌ను పనిలో పెట్టకూడదు.

కంప్యూటర్ లేని పాత ఇంజన్ మీకుంటే ఈ వారమే చూసుకోండి. ముందు తాళం తిప్పి బజర్ వినండి. ఇంజన్ స్టార్ట్ చేశాక, బజర్ ఆగినప్పుడు, వేడి స్విచ్ తీగ ఊడదీసి బ్లాకుకు తాకించండి. మోగితే తీగ బాగుంది. స్విచ్ సంగతి తేలాలంటే, ఇంజన్ చల్లారాక దాన్ని విప్పి మరిగే నీళ్లలో ముంచి మీటర్‌తో చూడాలి. ధరూర్ ఎత్తులో నీళ్లు 99 డిగ్రీల దగ్గర మరుగుతాయి కాబట్టి 95 డిగ్రీల స్విచ్ అప్పటికి కలిసి తీరాలి. కలవకపోతే మార్చేయండి.